భయమున్న చోటు వేరు, విషమున్న చోటు వేరు

*పిచ్చికుక్క కరచిన గేదె పాలు త్రాగినవారు, వీధికుక్క మూతి పెట్టిన పళ్లెమును తాకినవారు వణికిపోవుచున్నారు. కుక్కపిల్ల గోరు గీరిన బిడ్డ మాత్రము ఆ సంగతి ఇంట చెప్పకయే బడికి పోవుచున్నది. రేబిస్ ఎట్లు సోకును? ఎట్లు సోకదు?*

పాడిగేదె యొకటి రెండు దినములుగా మేత ముట్టక, నెమరు వేయక, బొంగురుపోయిన గొంతుతో అదేపనిగా అరచుచు, నోట చొంగ కార్చుచు, కట్టుగుంజను కొమ్ములతో పొడుచుచుండగా, ఇంటివారు మొదట దిష్టి తగిలినదనుకొందురు, తరువాత గొంతులో ఏదో అడ్డుపడినదనుకొందురు, చివరకు పశువైద్యుడు వచ్చి, దూరమునుండియే చూచి, "ఈమధ్య దీన్ని కుక్కేమైనా కరిచిందా?" అని అడిగినప్పుడుగాని నెల రెండు నెలల క్రిందట చేనిగట్టున జరిగిన సంగతి ఎవరికిని జ్ఞాపకము రాదు. గేదె మరునాడో మూడవనాడో చనిపోవును. ఆ సాయంకాలమునకే ఊరిలో మరియొక లెక్క మొదలగును: ఆ గేదె పాలు ఎవరెవరి యిండ్లకు పోయినవి, ఏ యింట కాఫీకి, ఏ యింట తోడుకు, ఏ పెండ్లివారింట పాయసమునకు వాడిరి, పాలకేంద్రమున పోసినవి ఎచ్చటికి చేరినవి? తెల్లవారుసరికి ప్రాథమిక ఆరోగ్యకేంద్రము ముందు జనము బారులు తీరియుందురు. "మేమంతా ఆ పాలే తాగినాం డాక్టరమ్మా, పిల్లలకు కూడా పోసినాం, మాకు సూదులెయ్యండి" అని బ్రతిమాలుదురు. మందు చాలదని తెలిసిన పిదప కేకలును వేయుదురు. తెలుగు పత్రికల జిల్లాపుటలను చదువువారికి ఇట్టి వార్తలు క్రొత్తవి కావు.

ఆ వరుసలో కానరానివా డొకడుండును. గేదె గొంతులో గడ్డిపోచయో ప్లాస్టికు సంచియో చిక్కుకొన్నదని తలచి, మొదటినాడే దాని దవడలు విడదీసి, మోచేతివరకు చేయి లోనికి పోనిచ్చి వెదకిన ఇంటి యజమాని అతడు. గేదె పండ్లకు రాచుకొని అతని ముంజేతిపై గీతలు పడినవి. కొడవలికి తెగిన బొటనవ్రేలు ఇంకను మానలేదు. చేతినిండ అంటిన చొంగను పంచెకు తుడుచుకొని అతడు వేరొక పనికి పోయెను. ఇప్పుడతడు గొయ్యి త్రవ్వించి కళేబరమును పూడ్పించు పనిలో ఉన్నాడు. ఆ రెండు దినములును గేదె చేపలేదు, తాను పాలు త్రాగలేదు, కనుక తనకేమియు భయము లేదని అతని నమ్మకము. ఆ ఉదయమున ఆ ఊరిలో సూదిమందు అత్యవసరముగా కావలసినవాడు అతడొక్కడే.

అవసరము లేని వందమంది ఆసుపత్రికి పరుగెత్తుటయు, అవసరమున్న ఒక్కడు ఇంట నిలిచిపోవుటయు రెండు వేరువేరు దోషములని నేననుకొనను. రెండింటికిని మూలమొకటే: రేబిస్ విషము ఎచ్చట నివసించును, ఏ దారిని పయనించును, ఏ ద్వారమున మనుష్య శరీరమును ప్రవేశించును అను మూడు విషయములు మనకు స్పష్టముగా తెలియకపోవుట. కుక్క ముట్టిన కుండ పనికిరాదని, ఎంగిలియు అంటును ఒకచోటినుండి మరియొకచోటికి ప్రాకునని తరతరములుగా పాటించుచు వచ్చిన జాతి మనది. ఆ యాచారములో పరిశుభ్రతకు ఉపకరించు అంశములు కొన్ని లేకపోలేదు. కాని రేబిస్ విషయమున ఆ లెక్క పనిచేయదు. ఈ వ్యాధిబీజము తాకిడివలన తాకిడికి ప్రాకునది కాదు; దానికి తడి కావలెను, తాజాదనము కావలెను, అన్నిటికి మించి తెగిన చర్మమో, కన్ను నోరు ముక్కులలోని మెత్తని పొరయో కావలెను.

ఎండిన వెన్నుపాము చెప్పిన సాక్ష్యము

పిచ్చియెత్తిన కుక్క కాటును, కాటుపడినవానికి నీటిని చూచినంతనే కలుగు త్రాసమును మన ప్రాచీనులు ఎరుగుదురు. సుశ్రుతసంహిత కల్పస్థానమున ఈ ప్రసక్తి కలదు. అయితే విషము కుక్కయొక్క ఏ భాగమున ఉన్నదను ప్రశ్నకు ప్రయోగముచేత సమాధానము చెప్పినవాడు 1804లో జర్మనీ దేశీయుడైన జింకె. అతడు పిచ్చికుక్క నోటి చొంగను చిన్న కుంచెతో తీసి, ఆరోగ్యవంతమైన మరియొక కుక్క ముందుకాలికి గాట్లు పెట్టి, ఆ గాట్లలో పూసెను. కొలది దినములకే ఆ కుక్కకును పిచ్చియెత్తినది. వ్యాధి లాలాజలములో ఉన్నదనియు, అది గాయమును చేరవలెననియు ఆనాడే తేటపడినది.

అటుపిమ్మట ఎనుబదియేండ్లకు పారిసులో లూయీ పాశ్చర్ చేసిన పనిని మనమందరము బడిపుస్తకములలో చదివియున్నాము. 1885 జూలై 6వ తేదీన, రెండు దినముల క్రిందట పిచ్చికుక్క పలుచోట్ల కరచిన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి మొదటి టీకా పడినది, వరుసగా 13 సూదులు వేసిరి, బాలుడు బ్రతికెను. ఆ టీకా దేనితో తయారైనదో మాత్రము మనలో అనేకులు గమనింపలేదు. రేబిస్‌తో చనిపోయిన కుందేలి వెన్నుపామును తీసి, ఎమీల్ రూ రూపొందించిన రెండు మూతుల గాజుసీసాలో దారముతో వ్రేలాడదీసి, అడుగున తేమను పీల్చు పొటాషు ముక్కలనుంచి, శుద్ధమైన గాలికి ఆరనిచ్చిరి. దినదినమునకు ఆ వెన్నుపాము విషశక్తి క్షీణించుచు వచ్చి, రెండు వారములకు పూర్తిగా నశించెను. ఆ బాలునికి మొట్టమొదట ఎక్కించినది అట్లు నిర్వీర్యమైన వెన్నుపామే. క్రమక్రమముగా తక్కువ దినములు ఆరినదానిని ఇచ్చుచు పోయిరి.

పాశ్చర్ విజయమంతయు ఆరుటపైన నిలిచినది. విషముతో నిండిన దళసరి వెన్నుపామే పొడిగాలికి ఓడిపోయినప్పుడు, గచ్చుపై ఎండిన చొంగ మరక యెంత? తలుపుగొళ్లెమును నాకిన కుక్క నోటి తేమ యెంత? ఒక శాస్త్రసత్యము టీకాగా మారి లక్షల ప్రాణములను కాచుచున్నది. ఆ సత్యమే మనకు నిశ్చింతను కూడ ఈయగలదను సంగతిని మనము వాడుకొనుటలేదు.

నేటి విజ్ఞానము ఈ దుర్బలత్వమునకు కారణమును కూడ చెప్పుచున్నది. తుపాకిగుండు ఆకారమున ఉండు ఈ వైరసుపైన క్రొవ్వుతో కూడిన పలుచని పొర కలదు. సబ్బునురుగు ఆ పొరను కరిగించును. సారాయము, అయోడిను దానిని ఛేదించును. సూర్యరశ్మియు వేడిమియు దానిని పాడుచేయును. ఆ పొర చెడిన వైరసు జీవకణమును పట్టుకొనలేదు. ఇట్లు బయట అంత అల్పాయువైన ఈ బీజము లోపల చూపు ప్రతాపము అసామాన్యము. గాయములో చేరి, కండరమునుండి నరపు కొసను పట్టుకొని, నరముల వెంబడి ఎదురీదుచు మెదడునకు పోవును. దీనికి సాధారణముగా రెండు మూడు నెలలు, ఒక్కొక్కప్పుడు వారమే, అరుదుగా ఏడాదికి పైబడియు పట్టును. మెదడును ఆక్రమించిన పిదప నరముల వెంటనే క్రిందికి దిగి లాలాజల గ్రంథులను చేరును. పయనమంతయు నరములలోనే గనుక, వ్యాధిగ్రస్త జంతువు రక్తములో గాని, మలమూత్రములలో గాని అంటించు బలము దీనికి లేదు. దోమలు, ఈగలు, పేలు దీనిని మోయలేవు. వ్యాధిలక్షణములు పొడసూపిన తరువాత ప్రాణము దక్కుట దాదాపు అసంభవము.

పాలు, నీళ్లు, పండ్లు

ఈ ప్రకృతిని గుర్తుంచుకొని మన నిత్యజీవితములోని సందేహములను ఒక్కొక్కటిగా విచారింతము. మొదట పాలు. రేబిస్ సోకిన గేదె పాలనో, ఆవు పాలనో త్రాగుటవలన మనుష్యునికి వ్యాధి వచ్చినట్లు ధ్రువపడిన ఉదాహరణము లేదు. కాచిన పాలలో వైరసు నిలువదు. కాఫీకి, పెరుగునకు, పాయసమునకు మనము పాలను కాచియే వాడుదుము. పచ్చిపాలు త్రాగినవారి విషయమున వైద్యులు కొంత జంకుదురు. 1996-98 సంవత్సరముల నడుమ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో రేబిస్ సోకిన ఆవుల పచ్చిపాలు త్రాగిన పదులకొలది జనమునకు టీకాలు వేసిరి. భయము మన పల్లెలకే పరిమితము కాదనుటకు అది నిదర్శనము. పచ్చిపాలు త్రాగినవారు వైద్యునితో ఒకమాట చెప్పి ఆయన సలహా పాటింపవలెను. మరిగించిన పాలు త్రాగినవారు ఆసుపత్రి వరుసలో నిలువ నక్కరలేదు. జబ్బుపశువు పాలను ఇక పోయరాదనుట వేరుగా చెప్పవలసిన పనిలేదు.

నీటి సంగతియు ఇట్టిదే. కుక్క మూతి పెట్టిన తొట్టిలోని నీటిని, కుక్క పడి తేలిన బావినీటిని త్రాగరాదనుటకు వేరే రోగములు చాలినన్ని కలవు. రేబిస్ వాటిలో లేదు. కుక్క నాకిన పళ్లెమును సబ్బుతో తోమి ఎప్పటివలె వాడుకొనవచ్చును. వీధిలో తడిగా కనిపించినచోట చెప్పులతో నడచినను, కుక్క పండుకొన్న అరుగుపై కూర్చున్నను, దాని ఒడలు మన పంచెకు రాచుకొన్నను, ఆరవేసిన దుప్పటిని లాగి పారవేసినను వ్యాధి రాదు. తిరుమల, శ్రీశైలము వంటి క్షేత్రములలో కోతులు చేతిలోని కొబ్బరిచిప్పనో అరటిపండునో లాగుకొని పోవుట అందరమును చూచినదే. అప్పుడు విచారింపవలసినది పండును గూర్చి కాదు, లాగుకొనునప్పుడు గోరు తగిలినదా, రక్కినదా అని మన చేతిని చూచుకొనవలెను. గబ్బిలము కొరికి విడిచిన జామపండును పారవేయుటయే మంచిది, అయితే దానికి కారణము నిపా వంటి వేరొక వైరసు.

మాంసము విషయమున ఒక భేదము పాటింపవలెను. ఉడికిన మాంసమునందు ఈ బీజము బ్రతుకదు. తినినవారికన్న కోసినవారికి ముప్పు ఎక్కువ. వియత్నాములో రేబిస్‌తో మరణించిన ఇరువురిని గూర్చి 2009లో వైద్యులు ప్రకటించిన వృత్తాంతము ఈ సందర్భమున స్మరణీయము: ఒకరు కుక్కను, ఒకరు పిల్లిని కోసి వండినవారు, వారిని ఆ జంతువులు కరచినట్లు తెలియరాలేదు, మెదడును వట్టిచేతులతో తీసినప్పుడు వ్యాధి సోకియుండునని వైద్యుల అభిప్రాయము. మన యూళ్లలో పిచ్చికుక్క కరచిన మేకనో గొర్రెనో చచ్చులోపలనే కోసి పాళ్లు వేసికొను అలవాటు అక్కడక్కడ ఉన్నది. తల కొట్టినవాడు, తలకాయను శుభ్రపరచినవాడు ప్రమాదపు దాపున నిలిచినవారని వారికి ఎవరైన చెప్పవలెను.

కాటు లేకయే వ్యాధి సోకిన సందర్భములు ప్రపంచచరిత్రలో లేవని చెప్పుట సత్యము కాదు. అవి వ్రేళ్లపై లెక్కింపదగినంత అరుదు. 1950లలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున లక్షలకొలది గబ్బిలములు నివసించు ఫ్రియో గుహలోనికి పోయివచ్చిన ఇరువురు రేబిస్‌తో మరణించగా, అచ్చటి గాలిలోని తుంపురులే కారణమని చాలకాలము తలచిరి. గమనింపని గబ్బిలపు కాటు అయియుండవచ్చునని తరువాతివారు శంకించిరి. 1970లలో ఆ దేశముననే సాంద్రమైన వైరసు తుంపురుల నడుమ పనిచేసిన ఇద్దరు ప్రయోగశాల ఉద్యోగులకు వ్యాధి వచ్చినది. 2004లో, రేబిస్ అని తెలియక, మరణించిన ఒకని అవయవములను ఇతరులకు అమర్చగా, అవి పొందినవారు చనిపోయిరి. పై మూడింటిలో ఏ ఒక్కటియు వీధిలో నడచుచు, ఇంట అంట్లు తోముచు జీవించు మనబోటివారికి తటస్థించునది కాదు.

గీతకు లోకువ

ఇక నిజమైన ముప్పును గూర్చి కొంత తీరికగా చెప్పవలసియున్నది; ఏలనగా మనము లక్ష్యపెట్టనిది దానినే. ప్రపంచ ఆరోగ్యసంస్థ స్పర్శలను మూడు తరగతులుగా విభజించినది. జంతువును నిమురుట, మేత పెట్టుట, చెక్కుచెదరని చర్మమును అది నాకుట మొదటి తరగతి. తాకినచోట కడుగుకొనుట తప్ప మందుతో పనిలేదు. రక్తము రాని చిన్న గీత, పైపైన పడిన పంటిగాటు రెండవది. గాయమును కడిగి టీకా వేయించుకొనవలెను. చర్మము చీలిన కాటు, రక్తము చిందిన రక్కు, పుండుపైనగాని కన్ను నోరు ముక్కులపైనగాని పడిన లాలాజలము, గబ్బిలముతో నేరుగా తాకిడి మూడవది; టీకాతోపాటు గాయములోనికి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడ ఎక్కింపవలెను. గేదె నోట చేయి పెట్టిన రైతు ఈ మూడవ తరగతికి చెందినవాడు. అతడు పాలు త్రాగలేదను మాటకు ఇచ్చట ఏ విలువయు లేదు.

గీతను జనము లోకువగా చూతురు. "కరవలేదు డాక్టరుగారూ, గోరే తగిలింది" అను మాటలో ఒక ఊరట వినిపించును. కుక్కయు పిల్లియు తమ పాదములను నాకికొనును. అట్లు తడిసిన గోరు చర్మమును గీరినప్పుడు లాలాజలమును గాయములోనికి చేర్చగలదు. మోకాలిపై పుండుతో ఆడుకొను బిడ్డ దగ్గరకు పెంపుడుకుక్క వచ్చి ఆ పుండును ప్రేమగా నాకును. కుక్క నాకిన పుండు త్వరగా మానునని నమ్మి ఊరకుండు పెద్దలును కలరు. ఆ నమ్మకము ప్రాణాంతకము. కుక్కపిల్లలకు పిచ్చియెత్తదనుకొనుట మరియొక పొరపాటు. తల్లిని కోల్పోయి వీధిలో మూలుగుచున్న కూనను ఇంటికి తెచ్చి పాలుపట్టి, దాని పాలపండ్ల గాట్లను ముద్దుగా సహించిన పిల్లలు ఎందరో. కొలది దినములకు ఆ కూన చనిపోయినప్పుడు ఏడ్చి ఊరకుందురేగాని, తమకు గాటు పడినదని పెద్దలకు చెప్పరు.

చెప్పకపోవుటకు కారణము పిల్లల మనస్సులో ఉన్న దెబ్బల భయము, సూదుల భయము. రెండవదానిని వారికి నేర్పినది మనమే. బొడ్డుచుట్టు పద్నాలుగు సూదులను జ్ఞాపకము మన యిండ్లలో ఇప్పటికిని చావలేదు. 1907లో నీలగిరులలోని కూనూరున పాశ్చర్ సంస్థ వెలసిన తరువాత, మద్రాసు రాజధానిలో చేరియున్న తెలుగుజిల్లాలవారికి కూనూరు పేరు కుక్కకాటు వైద్యముతో ముడిపడినది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొఱ్ఱె మెదడునుండి, కార్బాలిక్ ఆమ్లముతో వైరసును చంపి తయారుచేసిన టీకా సీసాలలో దూరప్రాంతములకు పంప వీలైనది గనుక జిల్లా ఆసుపత్రులలో చికిత్స సాధ్యమైనది. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ పేరు ఆ సూదులతోనే తరముల వారికి పరిచితమైనది. ఆ టీకా ఎందరినో కాపాడెను. దానిలోని మెదడు పదార్థమువలన అరుదుగా కొందరికి పక్షవాతము వంటి ఉపద్రవములును కలిగెను. అనవసరముగా వేయుటకు ఆనాటి వైద్యుడు వెనుదీయుట అందుచేత న్యాయమే. 2004 చివరకు మనదేశము ఆ మందుకు స్వస్తి చెప్పినది. ఇప్పటి టీకా కణములపై పెంచిన వైరసునుండి శుద్ధిచేసి తీసినది. భుజముపై, చర్మపు పొరలో రెండేసి చోట్ల అరమిల్లీలీటరులో అయిదవవంతు చొప్పున, మొదటి దినము, ఆపైన 3, 7, 28వ దినములలో వేయుదురు. కండరములో వేయు పద్ధతిలో 0, 3, 7, 14, 28 దినములకు అయిదు సూదులు. గర్భవతికి, పాలిచ్చు తల్లికి, చంటిబిడ్డకు ఎవరికిని ఇది నిషిద్ధము కాదు. నెలలు గడిచినను, లక్షణములు కనబడనంతవరకు, ఇప్పుడైనను మొదలుపెట్టుటయే కర్తవ్యము.

సూదికన్న ముందు సబ్బు. ఈ వాక్యమును నేను పెద్ద అక్షరములతో ప్రతి బడి కొళాయిదగ్గర వ్రాయింపగోరుదును. కాటునో గీతనో వెంటనే పారుచున్న నీటిక్రింద పట్టి, సబ్బుతో, గడియారము చూచుకొని 15 నిమిషములు కడుగవలెను. ఆ పదునైదు నిమిషములలో ఎంత వైరసు కొట్టుకొనిపోవునో అంత తక్కువ నరమును చేరును. ఆ సమయములో మనవారు చేయు పనులు వేరు: సున్నము, కారము, పసుపు, కాఫీపొడి, ఆకుపసరు గాయమునకు అద్దుదురు, దానివలన గాయము మండి వాచుటయే గాక, విషము లోనికి మరింత రుద్దబడును. మంత్రము వేయించుటకును, పసరు త్రాగించుటకును పోయిన ప్రతి పూటయు టీకా పొందవలసిన పూటయే. కుక్కయో పిల్లియో కరచినప్పుడు ఆ జంతువు కట్టుబాటులో ఉన్నయెడల పది దినములు గమనింపవలెనను నియమమునకు హేతువున్నది: లాలాజలములోనికి వైరసు దిగిన కుక్క పది దినములు దాటి ఆరోగ్యముగా ఉండదు. అయితే ఆ పది దినములు గడచువరకు టీకాను ఆపుట నియమము కాదు. టీకాను మొదలుపెట్టి, కుక్క నిక్షేపముగా ఉన్నయెడల తరువాత ఆపవచ్చును.

నిద్రపట్టనివారు

కాటు లేదు, గీత లేదు, అయినను నిద్రపట్టని జనము కొందరున్నారు. బండి సీటుపై కుక్క పండుకొన్నదని పలుమార్లు కడుగు యువకుడు, బట్టలు ఆరవేయునప్పుడు క్రిందపడిన రవికెను కుక్క తొక్కినదని దానిని కాల్చివేసిన గృహిణి, నెల క్రిందట నడచిన దారిలో తడి యేదో పాదపు పగులుకు తగిలినదేమోనని వెనుకకు వెనుకకు తలచుకొని కృశించు విద్యార్థి: వీరిని చూచి నవ్వుట క్రూరత్వము. ఈ వ్యాధి ప్రతీకారము లేనిదని తెలిసినవానికి సందేహము ఒక్క వీసమెత్తు మిగిలినను అది పర్వతమగును. వారి బాధ నిజమైనది. ఒక టీకా ముగించుకొని, మరల కొలదివారములకు మరియొక సందేహముతో వచ్చువారికి సూది ఇచ్చి పంపుటవలన ఆ సందేహము తీరదు, బలపడును. కరచినదా, గీరినదా, తడి చొంగ తెగినచోట పడినదా అను మూడు ప్రశ్నలకు లేదను జవాబు వచ్చినప్పుడు అది ముప్పుగల స్పర్శ కాదని స్థిరముగా చెప్పవలెను. అప్పటికిని ఆలోచన వదలనియెడల మానసిక వైద్యుని దర్శించుట అవమానము కాదని, అట్టి ఆందోళనకు మందును మాటయు రెండును కలవని మెల్లగా తెలుపవలెను. రోగిని సేవించిన కుటుంబీకులను గూర్చియు ఒక మాట: రేబిస్ రోగి పడుకొన్న గదిలో కూర్చున్నంతమాత్రమున, అతని చేయి పట్టుకొన్నంతమాత్రమున వ్యాధి రాదు, అతని లాలాజలము గాయమునో కంటినో తాకినయెడల టీకా వేయించుకొనవలెను. ఆ భేదము తెలియక, కడపటి గడియలలో ఒక మనుష్యుని దగ్గరకు తనవారెవ్వరును పోకుండుట నాకు సహింపరాని దుఃఖముగా తోచును.

ప్రపంచమున ఏటేట దాదాపు 59,000 మంది ఈ వ్యాధితో మరణించుచున్నారని అంచనా. అందులో ప్రతి పదిమందిలో నలుగురు పదునైదేండ్లలోపు పిల్లలు. మన దేశములో ఏటికి సుమారు 5,700 మరణములు సంభవించుచున్నవని ఇటీవలి జాతీయ సర్వే ఆధారముగా పరిశోధకులు లెక్కకట్టిరి. పూర్వపు అంచనాలు దీనికి మూడు రెట్లుండెడివి. తగ్గినది నిజమే, అయినను టీకా చేతిలోనుండగా చనిపోయిన ప్రతి ఒక్కరును నివారింపదగిన మరణమునకు గురియైనవారే. మనుష్యులకు సోకు రేబిస్‌లో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కలనుండియే.

పశువులను గూర్చి రైతునకు కొన్ని ఆచరణీయములు. పిచ్చికుక్క కరచిన పశువునకు కూడ గాయమును సబ్బుతో కడిగి, పశువైద్యశాలలో వరుసగా టీకాలు వేయింపవచ్చును. ముందుగా తెలిసినయెడల ప్రాణము దక్కవచ్చును. మేత మాని చొంగ కార్చు పశువు నోటిలో, కారణము తేలువరకు, ఎవరును చేయి పెట్టరాదు. గోపాలమిత్రయైనను, పశువైద్యుడైనను గ్లవుజులు లేక ముట్టరాదు. వారు ముందుగానే టీకాలు వేయించుకొనియుండుట వృత్తిధర్మములో భాగము. చనిపోయిన పశువును లోతుగా పూడ్చవలెను, చర్మము ఒలువరాదు.

పాశ్చర్ మొదటి టీకా వేసిన జూలై 6వ తేదీని జూనోసిస్ (జంతువులనుండి మనుష్యులకు సోకు వ్యాధుల) దినముగా పాటించుచు మన పశువైద్యశాలలలో ఏటేట పెంపుడుకుక్కలకు ఉచితముగా టీకాలు వేయుచున్నారు. గొలుసుపట్టుకొని తెచ్చువారున్న కుక్కలన్నియు ఆ దినమున వచ్చును, వీధికుక్కలను తెచ్చువారుండరు. ఒక ఊరి కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా పడినయెడల వాటిలో వ్యాధి ప్రాకుట ఆగిపోవును. గోవాలో వీధివీధి తిరిగి, కుక్కలను వలలతో పట్టి, సూది వేసి, గుర్తుగా రంగు పూసి, పట్టినచోటనే విడుచుచు ఏండ్ల తరబడి పనిచేయగా, కుక్కలలో వ్యాధి 92 శాతము తగ్గినట్లు 2022లో ప్రకటితమైన అధ్యయనము తెలిపినది. మన పురపాలక సంఘములు, గ్రామపంచాయతీలు ఈ పనికి కావలసిన వలలను, మనుష్యులను, శీతలపెట్టెలను సమకూర్చుకొనుట ఏమంత అసాధ్యము కాదు. ఏటేట అదే వీధులకు మరల పోవలెను, క్రొత్తగా పుట్టిన కూనలను వెదకి పట్టవలెను.